సాసరులో ఒలికిన చాయ్

చాంద్రాయణగుట్టలో ఇరానీ హోటలుకు వెళ్లడం మానేసి పదేళ్లయింది. కప్పు నోటిదాకా వచ్చేసరికి సగం చాయ్ సాసరులో ఉండేది. పక్క బల్ల వాళ్ల చూపు 'పెద్దాయన పొద్దున్నే మొదలెట్టాడు' అన్నట్టుండేది. ముప్పై ఏళ్లు పిల్లలకు అక్షరాలు దిద్దించిన చెయ్యి ఇది. ఒకరోజు సంతకం కలవలేదని చెక్కు వెనక్కొచ్చింది.

ఈ పుస్తకం రాసిన డాక్టరమ్మ నా శిష్యురాలే. "నాలుగు మాటలు రాయండి సార్" అంది. నేను చెప్తాను, నువ్వే రాసుకో తల్లీ అన్నాను.

మన బస్తీల్లో ప్రతి వణుకూ కంపవాతమే. ఆ చిక్కు ఈమె మొదటి పేజీల్లోనే విప్పింది. కంపవాతంలో చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడు ఎక్కువ వణుకుతుంది. నాకున్న ఎసెన్షియల్ ట్రెమర్ అనే వణుకులో పని చెప్పినప్పుడే మొరాయిస్తుంది. చాలా ఇళ్లలో వంశంలో వస్తుంది. మా నాన్నకూ ఉండేది. ప్రొప్రనలాల్, ప్రిమిడోన్ మాత్రలు లొంగదీయలేనప్పుడే ఆపరేషన్ మాట.

నాకు బాగా నచ్చింది ఆపరేషన్ల కథ. మెదడు లోతున థాలమస్‌లో చిన్న చోటును పూర్వం కాల్చేసేవారు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబిడ్ అనే సర్జన్, కాల్చబోయే చోటు సరైనదో కాదో కరెంటు తీగతో చూస్తూ కరెంటు స్పందనల వేగం పెంచాడు. వణుకు ఆగిపోయింది! ఇక కాల్చడమెందుకు, తీగ అక్కడే ఉంచి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెడితే సరి. 1997లో అమెరికా దీనికి అనుమతిచ్చింది. తీగ అమర్చే ఈ ఆపరేషన్ మన పంజాగుట్ట నిమ్స్‌లోనూ ఏళ్లుగా చేస్తున్నారు.

2016లో అమెరికాలోనే అల్ట్రాసౌండ్ పద్ధతికీ అనుమతి వచ్చింది. గుండు చేయించుకుని ఎంఆర్ఐలో మెలకువగా పడుకోవాలి. వెయ్యికి పైగా ధ్వని కిరణాలు ఒక్క చోట కలిసి కాలుస్తాయి. మధ్యమధ్య వణుకు ఎలా ఉందో చూడ్డానికి కాగితం మీద చుట్టలు గీయిస్తారు. కోత లేదు. కానీ కాలింది మళ్లీ రాదు. పెదవులు మొద్దుబారవచ్చు, నడక తూలవచ్చు, కొందరి పుర్రె ఎముక ఒప్పుకోదు. తీగయితే కరెంటు తగ్గించుకోవచ్చు గానీ ఇన్ఫెక్షన్ భయం, బ్యాటరీ మార్పిడి తప్పవు. ఇవేవీ దాచకుండా రాసింది. ఖర్చుల అధ్యాయం మాత్రం మరీ పొట్టిది, మలి ముద్రణలో పెంచమ్మా.

చివర ఒక పేజీ ఖాళీగా వదిలింది. అందులో చుట్ట ఒకటి గీసి, తారీఖు వేసి, డాక్టరు దగ్గరికి పుస్తకంతో సహా వెళ్లండి. నాది గీశాను, కోడి కెలికినట్టుంది.