చేతికి తెలియాల్సిన స్విచ్

వనపర్తిలో ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్ దుకాణానికి వెళ్లి విమానం స్విచ్ కావాలంటే నవ్వుతారు. "అన్నా, స్టార్ట్ దగ్గర స్ప్రింగు ఉండి తానే వెనక్కొచ్చే తాళంచెవి స్విచ్ ఉందా?" అని అడిగితే డబ్బా తీసి ముందు పెడతారు. ఇంట్లో కంప్యూటర్ ముందు కాక్‌పిట్ కట్టుకోవాలనుకునేవాళ్లకు మొదట రావాల్సిన విద్య ఇదే. వస్తువు పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, అది చేతికింద ఎలా మెలగాలో చెప్పగలగాలి.

కంప్యూటర్ మీద విమానం నడపడానికి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, ఎక్స్-ప్లేన్ ఉన్నాయి. పైసా ఖర్చులేని ఫ్లైట్‌గేర్ కూడా ఉంది. తెరమీద అంతా బాగానే కనిపిస్తుంది. దిగే ముందు లైటు వేయాలంటే మాత్రం మౌస్ పట్టుకుని బొమ్మలో ఆ స్విచ్ ఎక్కడుందో వెతకాలి, ఈలోగా విమానం వంకర పోతుంది. ఇందుకోసం తయారుగా దొరికే చిన్న స్విచ్ ప్యానెల్‌ది పదివేల రూపాయల మాట. అసలు విమానానికి వాడే స్విచ్ కొనాలంటే ఒక్కోటీ వేలల్లోనే ఉంటుంది, ఒక బోయింగ్ పైకప్పు ప్యానెల్‌కు అలాంటివి డజన్లు కావాలి. అందుకే ప్రపంచమంతటా ఈ పిచ్చి ఉన్నవాళ్లు తమ ఊరి దుకాణాల్లో దొరికినదాన్నే మలుచుకుంటారు.

ఈ అలవాటుకు దాదాపు వందేళ్ల వయసు. అమెరికాలోని బింగ్‌హామ్‌టన్‌లో ఎడ్విన్ లింక్ తండ్రికి పియానోలు, ఆర్గన్లు చేసే కర్మాగారం ఉండేది. విమానం నేర్చుకోవడానికి గంటకింత పోయాల్సి వస్తోందని, చవకగా నేర్పే దారి వెతుకుతూ ఆ కొడుకు 1929లో ఆర్గన్ తిత్తులు, గాలి పంపుతో అటూ ఇటూ ఒరిగే చిన్న కాక్‌పిట్ చేశాడు. మొదట్లో దాన్ని వినోదశాలల్లో డబ్బులేసి ఎక్కే ఆటవస్తువుగానే చూశారు. 1934లో అమెరికా సైన్యం ఆరు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి పైలట్ల చదువులో అవి భాగమైపోయాయి. సిమ్యులేటర్ల వంశానికి మూలపురుషుడు పాత సామానుతో పుట్టినవాడే కాబట్టి, మిక్సీ విడిభాగాలు వాడటానికి మనం సిగ్గుపడనక్కర్లేదు.

అసలులా ఉండటం అంటే ఏమిటన్నది ముందు తేల్చుకోవాలి. చాలామంది ఫొటో పక్కన పెట్టుకుని రంగు, అక్షరాల తీరు చూస్తూ కూర్చుంటారు. నా లెక్కలో అది రెండో విషయం. పూర్వం సైనిక పైలట్లకు కళ్లకు గంతలు కట్టి, చెప్పిన మీట మీద చెయ్యి పెట్టమనే పరీక్ష ఉండేది. ఇంటి కాక్‌పిట్‌కూ అదే గీటురాయి. స్విచ్ ఏ దిక్కుకు కదులుతోంది, ఎంత బలం అడుగుతోంది, ఎక్కడ టక్కుమంటోంది, పట్టుకుంటే ఏ ఆకారం తగులుతోంది? ఈ నాలుగూ కుదిరితే దాని ధర యాభై రూపాయలైనా అది విమానం స్విచ్చే.

ఆకారం అలంకారం కాదని యుద్ధకాలంలో ప్రాణాలమీదికొచ్చాకే తెలిసింది. బీ-17 బాంబర్‌లో చక్రాల స్విచ్, రెక్కల ఫ్లాప్‌ల స్విచ్ పక్కపక్కనే ఒకేలా ఉండేవి. క్షేమంగా దిగిన పైలట్లు ఫ్లాప్‌లు మూయబోయి చక్రాలు మూసేవారు, విమానం పొట్టమీద కూలబడేది. తప్పు పైలట్ల బుర్రలో లేదని, స్విచ్‌ల పోలికలో ఉందని ఆల్ఫోన్స్ షపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గుర్తించాడు. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్ మీటకు రెక్కలాంటి బిళ్ల తగిలించమన్నాడు. ప్రయాణికుల విమానాల్లో ఈనాటికీ ఆ ఆకారాలు నిబంధనల్లోనే ఉన్నాయి. కురుమూర్తి జాతరలో కొన్న ప్లాస్టిక్ లారీ చక్రాలు రెండు కలిపి అంటిస్తే గేర్ మీటకు తల సిద్ధం.

ఎన్ని స్విచ్‌లు కావాలన్నది తర్వాతి ప్రశ్న. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో విమానాశ్రయం లేదు. దక్షిణాన కర్నూలు దగ్గర ఓర్వకల్లు, ఉత్తరాన శంషాబాద్. సిమ్యులేటర్‌లో సెస్నా 172 తీసుకుని ఓర్వకల్లులో లేచి నేరుగా శంషాబాద్ పట్టామంటే సుమారు 170 కిలోమీటర్లు. కృష్ణ దాటాక వనపర్తి ఎడమచేతి వైపు ఉండిపోతుంది, నాగర్‌కర్నూల్ దాదాపు కాళ్లకిందికే వస్తుంది. గంటలోపు సాగే ఆ ప్రయాణంలో చెయ్యి తాకేవి బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఇంధన పంపు, ఏవియానిక్స్, నాలుగైదు రకాల లైట్లు, పిటో హీటు (వేగం కొలిచే గొట్టాన్ని వేడిచేసేది), ఇంజన్ తాళం, ఫ్లాప్ మీట. డజను, మహా అయితే పదిహేను. మొదలు పెట్టేవాళ్లు బోయింగ్ జోలికి పోకుండా ఈ డజనుతో మొదలుపెడితే నెల తిరిగేలోపు ఎగరొచ్చు. బోయింగ్‌తో మొదలుపెట్టినవాళ్ల ప్యానెళ్లు అటక ఎక్కడం మామూలే.

పైకీ కిందికీ కొట్టే టోగుల్ స్విచ్ రెండు సైజుల్లో దొరుకుతుంది. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అమ్మే ఎంటీఎస్ రకం బుల్లిది, ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు రంధ్రంలో కూర్చుంటుంది. ఇరవై ముప్ఫై రూపాయలు పెడితే వస్తుంది కానీ అగ్గిపుల్లను కదిపినట్టుంటుంది. లారీలకు, పాత ప్యానెల్ బోర్డులకు వాడే పెద్దదానికి 12 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. విమానాల్లో ఎక్కువగా కనిపించేది దాదాపు ఈ కొలతే. పది రూపాయలు ఎక్కువైనా పెద్దదే కొనాలి. సెస్నాకు మాత్రం ఇవి అక్కర్లేదు. దానికి కూలర్లకు, స్టెబిలైజర్లకు ఉండే రాకర్ స్విచ్‌లు సరిపోతాయి. మాస్టర్ ఒక్కటే తిరకాసు. ఎర్రగా రెండు ముక్కలుగా ఉంటుంది, ఎడమ ముక్క ఆల్టర్నేటర్, కుడి ముక్క బ్యాటరీ. బ్యాటరీని ఒంటరిగా వేయొచ్చు, ఆల్టర్నేటర్‌ను మాత్రం బ్యాటరీ లేకుండా వేయడం కుదరదు. రెండు సన్నటి రాకర్లు ఆనించి పెట్టి, ఎడమదానికి చిన్న ప్లాస్టిక్ నాలుక అంటిస్తే అది పైకి లేచేటప్పుడు కుడిదాన్నీ లేపుతుంది.

ఇంజన్ తాళం దగ్గర అసలు పరీక్ష. ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చే మ్యాగ్నెటోలు రెండు కాబట్టి, అందులో వరసగా ఆఫ్, కుడి, ఎడమ, రెండూ, స్టార్ట్ అనే ఐదు మజిలీలున్నాయి. చివరిది స్ప్రింగుతో వెనక్కి రావాలి. ట్రాక్టర్ తాళానికి తిప్పుడు గట్టిగా, హాయిగా ఉంటుంది. కానీ దానికి అన్ని మజిలీలు లేవు. లేచే ముందు ఇంజన్‌ను నిమిషానికి 1800 చుట్లకు పెంచి, ఒక్కో మ్యాగ్నెటో మీద ఎంత పడిపోతోందో చూసే పద్ధతి దానితో సాగదు. ఇక్కడ మిక్సీ గుర్తొస్తుంది. మిక్సీ రోటరీ స్విచ్‌లో సున్నా, ఒకటి, రెండు, మూడు, అటుపక్క స్ప్రింగుతో వెనక్కొచ్చే మజిలీ. మొత్తం ఐదు, చివర స్ప్రింగు కూడా ఉంది. మూడును ఆఫ్ అనుకుంటే స్ప్రింగు మజిలీ సరిగ్గా స్టార్ట్ దగ్గరికొస్తుంది. ఎనభై రూపాయల్లో పని అయిపోయిందని సంబరపడేలోగా ఒకటి గమనించాలి. సెస్నా తాళం స్టార్ట్‌కు గడియారం ముల్లు దిక్కున తిరుగుతుంది, మామూలు మిక్సీది దానికి ఎదురు తిరుగుతుంది. ఇది చేతి పరీక్షలో తప్పినట్టే, నేనైతే వాడను. పన్నెండు మజిలీల మామూలు రోటరీ స్విచ్ తెచ్చి, దాని అడ్డు వాషర్‌ను ఐదు దగ్గర పెట్టి, చివరి మజిలీకి పాత పెన్ను స్ప్రింగు ఒకటి బిగించడం మేలు. పని ఎక్కువే, కానీ దిక్కు తప్పదు.

మన జిల్లాలవాళ్లు పుట్టుకతో నేర్చుకున్న ఒక కిటుకు బోయింగ్ 737-800లో ఉంది. ఆ విమానంలో ఇంజన్ స్టార్ట్ నాబ్‌ను గ్రౌండ్ మజిలీకి తిప్పి వదిలేస్తే అది అక్కడే నిలుస్తుంది. ఇంజన్ అధిక పీడన షాఫ్టు వేగం (ఎన్2) 56 శాతం దాటగానే టక్కుమని తానే వెనక్కి పడుతుంది. మొదటిసారి చూసినవాళ్లకు ఇది మాయలా ఉంటుంది. బోరు మోటారున్న రైతుకు ఇందులో కొత్తేమీ లేదు. స్టార్టర్ పెట్టెలో పచ్చ బటన్ నొక్కితే కాయిల్ అయస్కాంతమై కాంటాక్టులను పట్టుకుంటుంది, కరెంటు పోతే పట్టు వదిలేసి స్టార్టర్ పడిపోతుంది. నాబ్ వెనకా అదే కాయిల్, అదే పట్టు. ఇంట్లో చేయాలంటే నాబ్ ఇరుసుకు చిన్న ఇనప చెయ్యి బిగించి, ఎదురుగా 12 వోల్టుల బుల్లి విద్యుదయస్కాంతం పెట్టాలి. తిప్పిన చెయ్యి దానికి అంటుకుంటుంది. సిమ్యులేటర్‌లో వేగం 56 దాటిందని మోబీఫ్లైట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చెప్పగానే ఆర్డునో బోర్డు కరెంటు ఆపుతుంది, స్ప్రింగు లాగేస్తుంది. నడుమ ఒక ట్రాన్సిస్టర్ ఉండాలి, కాయిల్‌కు అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడ్ ఉండాలి. డయోడ్ లేకపోతే కాయిల్ ఆగేటప్పుడు తన్నే వోల్టేజికి ఆ ట్రాన్సిస్టరే కాలిపోతుంది.

స్టార్టర్ కాయిల్‌నే ఊడదీసి వాడదామనుకుంటారేమో, అది మెయిన్ లైను అధిక వోల్టేజికి చేసింది, బల్లమీదికి తేకూడదు. పెట్టెలోని మిగతావి మాత్రం పనికొస్తాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. అలా తీసి పక్కన పడేసిన పెట్టెల్లో ఆటో–మాన్యువల్ టోగుల్, ఎర్ర పచ్చ బటన్లు, సూచిక దీపాలు ఉంటాయి. ఫేజులు చూసే వోల్ట్‌మీటర్ సెలెక్టర్ నాబ్ దొరికితే వదలొద్దు. బరువుగా తిరిగి ఒక్కో మజిలీలో దిగబడే ఆ నాబ్ సెస్నా ఇంధన ట్యాంకుల మీటకు సరిగ్గా సరిపోతుంది. సబ్‌స్టేషన్లలో బ్రేకర్ వేసి తీసే టీఎన్‌సీ స్విచ్ ఇంకో మంచి సరుకు. పిస్తోలు పిడిలాంటి పట్టు, ఎటు తిప్పినా స్ప్రింగుతో నడిమికి వస్తుంది. బోయింగ్ 737 చుక్కాని ట్రిమ్ నాబ్‌కు కావాల్సిన గుణం అదే. అది పాత ఇనుప సామానులో కనిపిస్తే ఎక్కడిదో అడగండి, లేదా సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొత్తదే కొనుక్కోండి.

ఇలాంటి పెద్ద కాంటాక్టులతో ఒక చిక్కుంది. ఆంపియర్ల కరెంటు నడిచే చోటికి చేసినవి కాబట్టి వాటిమీద పేరుకునే పలచటి పొరను ఆ కరెంటే కాల్చేస్తుంది. ఆర్డునో లోపలి రెసిస్టర్ ద్వారా పంపేది పావు మిల్లీ ఆంపియర్ కూడా ఉండదు, పొర దాటలేక ఒకసారి పనిచేసి ఒకసారి మానేస్తుంది. స్విచ్ పాడైందని పారేస్తారు. విడిగా ఒక కిలో ఓమ్ రెసిస్టర్‌తో ఐదు వోల్టులకు కడితే ఐదు మిల్లీ ఆంపియర్లు నడుస్తాయి, రోగం కుదురుతుంది. ఖర్చు ఒక రూపాయి.

తీగల సంగతికొస్తే గద్వాల మగ్గం తెలిసినవాళ్లకు సులువు. ప్రో మైక్రో అనే నాలుగైదు వందల రూపాయల బోర్డు కంప్యూటర్‌కు జాయ్‌స్టిక్‌గా కనిపిస్తుంది. స్విచ్‌కొక పిన్ను ఇస్తూ పోతే పద్దెనిమిదితో సరి. అలా కాక ఐదు తీగలు పడుగులా, ఐదు పేకలా పరిచి, అవి కలిసే ప్రతి చోటా ఒక స్విచ్ పెడితే పది పిన్నులకే 25 స్విచ్‌లు. బోర్డు ఒక్కో పడుగుకు కరెంటు ఇస్తూ ఏ పేకలో వచ్చిందో చూస్తుంది. ప్రతి కూడలిలో స్విచ్‌తోపాటు 1ఎన్4148 డయోడ్ ఒకటి తప్పనిసరి. కీబోర్డు మీట వేలు తీయగానే లేస్తుంది, టోగుల్ మాత్రం వేసినచోటే ఉండిపోతుంది. ఒక చతురస్రం మూడు మూలల్లో స్విచ్‌లు వేసి ఉంటే, డయోడ్లు లేనప్పుడు నాలుగోది వేయకుండానే వేసినట్టు కనిపిస్తుంది. అడగకుండానే పిటో హీటు వెలిగితే కారణం ఇదే.

ప్యానెల్ ముఖం మన ఊళ్లలో రేడియం స్టిక్కర్ కోసే దుకాణంలో తయారవుతుంది. పాలరంగు అక్రిలిక్ షీటు మూడు మిల్లీమీటర్లది తీసుకోవాలి. అక్షరాలను స్టిక్కర్‌లో కోయించి షీటు మీద అంటించి, పైన బూడిదరంగు స్ప్రే రెండు పూతలు కొట్టాలి. రంగు సగం ఆరగానే స్టిక్కర్లు లేపేయాలి. పూర్తిగా ఆరితే అంచులు చిట్లుతాయి. వెనక ఎల్ఈడీ పట్టీ వెలిగిస్తే అక్షరాలు మాత్రమే వెలుగుతాయి. నంబరు ప్లేట్ల కుర్రాళ్లు దీన్ని చెప్పకముందే పట్టేస్తారు. ఇరుసులు, బుష్‌లు కావాలంటే ప్రతి పట్టణంలోనూ లేత్ వర్క్స్ ఉన్నాయి. డయోడ్లలాంటి ఎలక్ట్రానిక్ సరుకు మాత్రం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనే చవక. గద్వాలలో రైలెక్కితే కాచిగూడలో దిగి అక్కడికి చేరడం తేలికే, నాగర్‌కర్నూల్ వాళ్లకు బస్సే దిక్కు.

ఇంట్లో ఎగిరిన గంటలు లాగ్‌బుక్‌లో చేరవు, లైసెన్సుకు పనికిరావు. అయినా బేగంపేటలో శిక్షణకు చేరే కుర్రాడు ఇంజన్ స్టార్ట్ వరస చేతికి ఎక్కించుకుని వెళ్తే, గంటకు వేలు పోసే విమానంలో స్విచ్‌లు వెతుకుతూ కూర్చోడు. వనపర్తి ప్యాలెస్‌లో 1959 నుంచి నడుస్తున్న పాలిటెక్నిక్‌లో చదివే పిల్లలకైతే ఇది ఇంకో రకంగా లాభం. కాంటాక్టు పొర, కాయిల్ తన్ను, డయోడ్ దిక్కు ఇవన్నీ పుస్తకంలో మూడు వేరు పాఠాలు. ఈ బల్లమీద మూడూ ఒకే సాయంత్రం ఎదురవుతాయి.

చవకగా తేలనిది నాకు తెలిసి ఒక్కటే ఉంది, ఎయిర్‌బస్ పైకప్పు మీది చదరపు నొక్కుడు బటన్లు. పైసగం ఒక రంగులో, కిందిసగం ఇంకో రంగులో వెలగాలి, ఆరినప్పుడు అక్షరం కనిపించనే కూడదు, నొక్కితే కొన్ని లోపలే ఉండిపోవాలి. త్రీడీ ప్రింటర్‌తో డబ్బా చేసి, నడుమ గోడ పెట్టి, ట్రేసింగ్ కాగితం మీద అచ్చువేసిన అక్షరాలపై పొగరంగు ప్లాస్టిక్ కప్పితే చూపుకు సరిపోతుంది. లోపల దిగబడే ఆ లోహపు టక్కు మాత్రం రావడం లేదు. సెల్ఫ్-లాకింగ్ పుష్ బటన్లలో గట్టి స్ప్రింగున్నవి ఏరితే కొంత దగ్గరికొస్తాయి. కొట్టులో నిలబడి పది నొక్కి చూసి రెండు కొనుక్కోవాలి, కొట్టతను విసుక్కున్నా సరే.