చెప్పేవాళ్లు సరే, వినేవాళ్లేరీ?

అమెరికాలో గైనకాలజీ శిక్షణ నాలుగేళ్లు. జూలైలో మొదలై జూన్‌తో ముగుస్తుంది. ఆ ముగింపుకు కాస్త ముందు, మే నెలలోనో జూన్ మొదట్లోనో, అక్కడి టీచింగ్ ఆసుపత్రుల్లో చాలాచోట్ల ‘రెసిడెంట్ రీసెర్చ్ డే’ జరుపుతారు. శిక్షణ చివరి దశకు వచ్చిన రెసిడెంటు తన పరిశోధనను సొంత విభాగం ముందు నిలబడి చెప్పాలి. మన దగ్గర ఎం.ఎస్. మూడేళ్లు. మన పీజీ కూడా పరిశోధన చేస్తుంది, వేదికెక్కి చెబుతుంది. (‘చేస్తుంది’ అనడానికి కారణముంది, ఈ విభాగంలో మన పీజీల్లో అత్యధికులు ఆడపిల్లలే.) అయితే ఆ వేదిక ఏ ఊళ్లోనో కాన్ఫరెన్సు జరిగే కన్వెన్షన్ సెంటర్లో ఉంటుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మనం ఇంటి మెట్టు వదిలేసి నేరుగా రచ్చకే పంపుతున్నాం. రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మన లోటు పరిశోధన చేయడంలో కన్నా దాన్ని వినడంలో ఎక్కువగా కనిపిస్తుంది.

ముందు నిబంధనల సంగతి. 2000 నాటి పీజీ వైద్యవిద్య నిబంధనలు, తర్వాత చేరిన సవరణలతో కలిపి, మూడు పనులు అడిగాయి: ఒక పోస్టరు పెట్టాలి, రాష్ట్ర స్థాయిలోనో జాతీయ స్థాయిలోనో ఒక పేపరు చదవాలి, ఒక వ్యాసం పత్రికలో అచ్చవ్వాలి లేదా కనీసం పత్రికకు పంపి ఉండాలి. అప్పుడే ఫైనల్ పరీక్షకు అర్హత. 2023లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనలు ఈ దారుల్లో ఏదో ఒకటి చాలన్నాయి. భారం తగ్గింది, మంచిదే. కానీ పాతదైనా కొత్తదైనా అడిగేది ఒక్కటే: సర్టిఫికెట్ ఉందా? పేపరు ఎవరు విన్నారు, ఏమడిగారు, విన్నాక ఎవరి పనిలోనైనా మార్పు వచ్చిందా అన్న ఆరా రెండింటిలోనూ లేదు. థీసిస్‌ది వేరే దారి. అది బయటి పరీక్షకుల చేతికి వెళ్తుంది, వాళ్లు చదివి ఆమోదిస్తారు. సొంత విభాగమంతా కూర్చుని వింటుండగా దాన్ని సమర్థించుకోవాలన్న నియమం మాత్రం లేదు.

అమెరికాలో మాత్రం నిబంధన గొప్పగా ఉందా అంటే, అదీ లేదు. శిక్షణలకు గుర్తింపునిచ్చే ఏసీజీఎంఈ సంస్థ రెసిడెంట్లు పరిశోధన వంటి విద్వత్ కృషిలో పాలుపంచుకోవాలంటుంది, అంతే. రీసెర్చ్ డే విభాగాలు తమంత తాము పెంచుకున్న ఆనవాయితీ. అంటే మనకు అడ్డొస్తున్నది చట్టం కాదు. ఈ మాట గుర్తుపెట్టుకుని ముందుకెళ్దాం.

మన కాన్ఫరెన్సు ఎలా ఉంటుందో చూద్దాం. స్త్రీవైద్య నిపుణుల సంఘాల సమాఖ్య ఫాగ్సీ 1950లో మద్రాసులో పుట్టింది. ఏటా అది జరిపే జాతీయ మహాసభ, ఏఐకాగ్, సాధారణంగా సంక్రాంతి రోజులకు అటూ ఇటూగా వస్తుంది. యువ డాక్టర్ల కోసం యువ ఫాగ్సీ సభలున్నాయి, రాష్ట్ర సభలున్నాయి. ఇంతమంది స్త్రీవైద్యులు ఒకచోట చేరడం చిన్న విషయం కాదు. శస్త్రచికిత్సలో కొత్త మెళకువలు చూడటానికి, ఇతర రాష్ట్రాల వాళ్లతో పరిచయాలకు అంతకు మించిన చోటు లేదు. చిక్కంతా ‘ఫ్రీ పేపర్స్’ అనే సెషన్లో ఉంది. పెద్ద హాల్లో పేరున్న ప్రొఫెసరు ఉపన్యాసమో లైవ్ సర్జరీయో నడుస్తుంటుంది. అదే వేళకు చివరి చిన్న హాల్లో పీజీలు వరసగా పేపర్లు చదువుతుంటారు. ఒక్కొక్కరికి ఆరేడు నిమిషాలు, ప్రశ్నలకు ఒకటో రెండో. స్లైడ్లు మొత్తం ముప్పై ఉంటాయి కాబట్టి ‘పరిచయం’ అయ్యేసరికే గంట మోగుతుంది. కేసుల పట్టిక (మాస్టర్ చార్టు)లోంచి తీసిన బార్ గ్రాఫులు బస్సు కిటికీలోంచి చూసిన ఊళ్లలా వెళ్లిపోతాయి. చైర్‌పర్సన్ మేడమ్ ‘ఎన్ని కేసులమ్మా? బాగుంది, నెక్స్ట్’ అంటారు. ఆవిడ తప్పేమీ లేదు. ఆ పేపరును ఆవిడ చూడటం అదే మొదటిసారి, ఇంకా బోలెడుమంది వరసలో ఉన్నారు. ముందు వరసలో కూర్చున్నవాళ్లు తర్వాత చదవాల్సినవాళ్లు. వాళ్లు వినడం లేదు, తమ స్లైడ్లు మననం చేసుకుంటున్నారు. వెనక వరసలో స్నేహితురాలు ఫోటో తీస్తోంది. ఈ-పోస్టరుది ఇంకా దయనీయం: తెర ముందు ఎవరూ ఆగరు.

ఇప్పుడు రీసెర్చ్ డే. మొదట నన్ను ఆకట్టుకున్నది ఉపన్యాసాలు కావు, ఆ పూటకు లేబర్ రూమును ఎవరు చూస్తారన్న ఏర్పాటు. రెసిడెంట్లందరూ హాల్లో ఉండాలి కాబట్టి ఆ కొన్ని గంటలు కాన్పులు, ఎమర్జెన్సీ పిలుపులు సీనియర్ డాక్టర్లు చూసుకునేలా చాలా విభాగాలు సర్దుకుంటాయి. మొదటి ఏడాది రెసిడెంటు కూడా వినాలన్న పట్టుదల అందులో ఉంది. ఆమె కేవలం ప్రేక్షకురాలు కాదు. రెండు మూడేళ్లకు తన వంతు వస్తుందని తెలిసి, ఎక్కడ ఎలాంటి ప్రశ్న పడుతుందో గమనిస్తూ కూర్చుంటుంది. బయటి విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరును న్యాయనిర్ణేతగా పిలుస్తారు. పేపర్లు ఆయనకో ఆమెకో ముందే చేరతాయి. చెప్పడానికి పదినిమిషాలైతే చర్చకూ చెప్పుకోదగ్గ సమయం ఉంటుంది.

దీని వెనక ఇంకా పాత అలవాటొకటి ఉంది. అమెరికా ప్రాంతీయ స్త్రీవైద్య సంఘాల సభల్లో ఒక్కో పేపరుకు ఒక ‘డిస్కసెంట్’ను నియమించేవారు. పేపరును ముందుగా చదివి, లోపాలు వెతికి, సభలో లేచి మాట్లాడటమే ఆ మనిషి పని. ఆ పేపర్లను అమెరికన్ జర్నల్ ఆఫ్ అబ్‌స్టెట్రిక్స్ అండ్ గైనకాలజీ అచ్చువేసినప్పుడు కింద ఆ చర్చనూ, రచయిత జవాబునూ కూడా వేసేది. పాత సంచికలు తిరగేస్తే కొన్నిచోట్ల వ్యాసం కన్నా చర్చే ఎక్కువ నేర్పుతుంది. చెప్పడం ఒక పని అయితే వినడాన్ని కూడా ఒక పనిగా గుర్తించి, దానికి ఒక మనిషిని పెట్టడం నాకు నచ్చిన విషయం. మనం పీజీలకు పరిశోధన ఎలా చేయాలో నేర్పడానికి చెన్నైలోని ఐసీఎంఆర్ సంస్థ ద్వారా ఆన్‌లైన్ కోర్సు పెట్టాం, పరీక్ష కూడా పెట్టాం. ఒకరి పరిశోధన విని ప్రశ్న అడగడం ఎలాగో నేర్పే చోటు వాళ్లకు ఎక్కడుంది?

అలాగని అమెరికా పద్ధతిని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అక్కడి రెసిడెంట్ల పరిశోధనలో పెద్ద భాగం కంప్యూటర్లో ఉన్న పాత రికార్డుల తవ్వకం. ఫెలోషిప్ పోటీలో నెగ్గాలంటే బయోడేటాలో పేపర్లు కనబడాలి, అందుకని చేసేవి తక్కువేం కాదు. ఒకే సమాచారాన్ని మూడు ముక్కలు చేసి మూడు అబ్‌స్ట్రాక్టులు పంపే విద్య వాళ్లకూ బాగా తెలుసు. కొన్నిచోట్ల రీసెర్చ్ డే వీడ్కోలు విందులో కలిసిపోయి బహుమతులు, ఫోటోల వేడుకగా మిగులుతుంది. మన పీజీ థీసిస్ తీరు వేరు. చాలావరకు ముందే ప్రశ్న పెట్టుకుని అక్కడి నుంచి కేసులు సేకరిస్తూ చేసేది. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, ఏడాది, ఏడాదిన్నర పాటు గర్భిణుల్ని స్వయంగా చూసి, తన చేత్తో ప్రొఫార్మా నింపి చేసే పని. పేట్లబుర్జు, కోఠి, విశాఖ ఘోషాసుపత్రి లాంటి పెద్దాసుపత్రుల్లో వచ్చే కాన్పుల సంఖ్య, అక్కడ చేరే ప్రమాదకర కేసుల తీవ్రత అమెరికా రెసిడెంటు నాలుగేళ్లలో చూడలేనివి. సరుకు మన దగ్గరే ఎక్కువ.

ఆ సరుకు ఏమవుతోందో ఒక ఉదాహరణతో చెబుతాను. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశంలో అదే అత్యధికం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశ సగటు 21.5. సహజంగానే మన పీజీ థీసిసుల్లో సిజేరియన్ల ఆడిట్ ఇష్టమైన అంశం. డబ్లిన్ డాక్టరు మైకేల్ రాబ్సన్ 2001లో ప్రతిపాదించిన పది గుంపుల వర్గీకరణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫారసు చేసింది. పీజీ దాన్ని పట్టుకుని తన ఆసుపత్రి కాన్పులన్నిటినీ పది గుంపులుగా విడగొడుతుంది. ఫలితాన్ని వేరే రాష్ట్రంలో, ఆ ఆసుపత్రి ముఖం చూడనివాళ్ల ముందు చదువుతుంది. ‘ఐదో గుంపు ఎక్కువుందా? అంతేనమ్మా, పాత సిజేరియన్లు కదా’ అని పని ముగిస్తారు.

అదే పేపరు సొంత ఆసుపత్రిలో చదివితే? తొలిచూలు, ఒకే బిడ్డ, తల కిందికి ఉంది, నెలలు నిండాయి, నొప్పులు వాటంతటవే వచ్చాయి. ఇది మొదటి గుంపు. ఇందులో కూడా ఇన్ని ఆపరేషన్లెందుకని ఎవరో అడుగుతారు. ఏ యూనిట్లో ఎక్కువ, రాత్రి పూట ఎక్కువా, అనస్థీషియా డాక్టరు వెళ్లిపోయే వేళకు ముందు ఎక్కువా అని ఇంకొకరు తీగ లాగుతారు. పిల్లల డాక్టరు లేచి, ‘ఫీటల్ డిస్ట్రెస్ అని రాసిన బిడ్డల్లో చాలామంది పుట్టగానే బాగానే ఏడ్చారు కదా’ అనవచ్చు. ఇరవై ఏళ్లుగా లేబర్ రూములో ఉన్న స్టాఫ్ నర్సు ఏమంటుందో ఊహించుకోండి. గది వేడెక్కుతుంది. గైడుకు ఇబ్బంది, యూనిట్ చీఫ్‌కు ఇబ్బంది, పీజీకి అందరికన్నా ఎక్కువ ఇబ్బంది. మన పద్ధతి తప్పించుకుంటున్నది ఈ ఇబ్బందినే అని నా అనుమానం. దూరాన చదివిన పేపరు ఎవరినీ నొప్పించదు, అందుకే ఎవరినీ కదిలించదు.

ఇంకొక మాట. కాన్ఫరెన్సు గదిలో కేసుల సంఖ్యకున్నంత గౌరవం ప్రశ్నకు లేదు. మన శాస్త్రం చరిత్ర చూస్తే ఆ కొలత నిలబడదు. బొంబాయి డాక్టరు షిరోద్కర్ గర్భసంచి ముఖానికి వేసే కుట్టు గురించి 1955లో మద్రాసు పత్రిక ‘యాంటీసెప్టిక్’లో రాసిన వ్యాసం రెండే పేజీలు. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావానికి బి-లించ్ కుట్టును 1997లో లోకానికి చెప్పినప్పుడు చూపింది ఐదు కేసులు. ఢాకాలో సయేబా అఖ్తర్ 2003లో కండోమ్, క్యాథెటర్, సెలైన్‌తో గర్భసంచిలో బెలూన్ కట్టి రక్తస్రావం ఆపే పద్ధతిని ప్రచురించింది 23 మంది స్త్రీల మీద. ఖరీదైన బెలూన్ కొనలేని లేబర్ రూములో పుట్టిన ఆలోచన అది. ఈ రోజు మన ప్రభుత్వాసుపత్రుల్లో పీజీలు అర్ధరాత్రి చేస్తున్నది అదే పని. ఈ మూడూ ఎవరి వార్డులో వారికి పుట్టిన ప్రశ్నలు. అలాంటి ప్రశ్నలు మన పీజీల దగ్గర లేవనుకోను. టాపిక్ ఎంచుకునే వేళ, ‘పోయిన బ్యాచ్ వాళ్లది చూసి ఏదో ఒకటి పెట్టేసెయ్’ అన్న సలహా వాటిని మింగేస్తుంది.

బ్రిటన్ విషయం క్లుప్తంగా. అక్కడ ట్రైనీలే నడిపే యూకేఆర్‌కాగ్ అనే బృందం ఒకే ప్రశ్నను అనేక ఆసుపత్రుల్లో ఒకేసారి పరిశీలిస్తుంది. ఒక్కొక్కరు విడివిడిగా వంద కేసులతో కుస్తీ పట్టకుండా కలిసి తేల్చుకుంటారు. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాలు తలుచుకుంటే దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. కానీ అది తర్వాతి మాట. ముందు ఇంట్లో వినడం రావాలి.

‘మా దగ్గర ఖాళీ ఎక్కడుంది, లేబర్ రూము ఆగదు కదా’ అనేది ఎప్పుడూ వినిపించే జవాబు. ఆగదు, నిజమే. అమెరికాలోనూ ఆగదు. మన ఆసుపత్రులు యూనిట్ల వారీగా నడుస్తాయి, అడ్మిషన్ రోజులు వేర్వేరు. వారం వారం సెమినార్లు, జర్నల్ క్లబ్బులు ఎలాగూ ఉన్నాయి. వాటిలో రెండు పూటలు ఇటు మళ్లిస్తే సరిపోతుంది. ఒకటి థీసిస్ ప్రణాళిక (సినాప్సిస్) ఎథిక్స్ కమిటీకి వెళ్లకముందు, ప్రశ్న ఇంకా మార్చుకునే వీలున్నప్పుడు. రెండోది థీసిస్ సమర్పించడానికి ముందు. ఇందులో మొదటిదే ముఖ్యం అంటాను. అన్నీ అయ్యాక పొరపాటు ఎత్తిచూపితే పీజీకి ఏడుపే మిగులుతుంది.

విభాగాధిపతులకు ఒక విజ్ఞప్తి. వచ్చే బ్యాచ్ సినాప్సిసుల వేళకు ఒక పూట కేటాయించండి. ఆ పూట లేబర్ రూమును ప్రొఫెసర్లు, అసిస్టెంట్ ప్రొఫెసర్లు చూసుకునేలా ఏర్పాటు చేయండి. అనస్థీషియా, పీడియాట్రిక్స్ విభాగాల నుంచి ఒక్కొక్కరిని పిలిచి, ప్రతి పీజీ సినాప్సిసునూ వారం ముందే ఒకరి చేతికిచ్చి, సభలో మొదటి ప్రశ్న వాళ్లనే అడగమనండి. స్టాఫ్ నర్సులకు కుర్చీలు వేయండి. ఫోటోగ్రాఫరును మాత్రం పిలవకండి.