లిస్టు పండితుని నిచ్చెన

స్వేచ్ఛావాణిజ్యమునకు ఆడమ్ స్మిత్ 1776లో వెలువరించిన గ్రంథ మెట్టిదో, సంరక్షణవాదమునకు జర్మను పండితుడగు ఫ్రెడరిక్ లిస్టు 1841లో ప్రకటించిన జాతీయార్థశాస్త్ర గ్రంథ మట్టిది. మన దేశాభిమానులు దానిని బహుకాలము శిరసావహించిరి. అందలి గుణములను బొగడినవారు పెక్కుమంది. దోషముల నెత్తి చూపినవా రరుదు. పాశమైలారపు కర్మాగారముల ప్రక్కనున్న ఇస్నాపూరులో గూర్చుండి చదువువానికి ఆ రెండును గన్పట్టును గనుక, ఈ విమర్శనమునకు బూనుకొంటిని.

ముందుగా పూర్వపక్షము. రికార్డో 1817లో పోర్చుగలు ద్రాక్షాసవమును, ఇంగ్లండు బట్టను ఉదాహరణముగా దీసికొని, రెండు వస్తువులను దక్కువ శ్రమతో జేయగల దేశము సయితము తన కెక్కువ నేర్పుగల దానినే చేసి, రెండవదానిని గొనుట లాభకరమని నిరూపించెను. వంటయు కుట్టుపనియు రెండును దర్జీకంటె బాగుగా జేయగల యిల్లాలు రవికెలను దర్జీకిచ్చి తాను వంట చూచుకొనుట తెలివితక్కువ గాదు గదా. గణితముగా జూచిన ఇందు దోషము లేదు.

లిస్టు ఆ గణితమును దప్పనలేదు; అది ఒక్కనాటి లెక్క యనెను. నేడు బట్ట చౌకగా దొరకుచున్నదా యని గాక, బట్ట నేయు నేర్పు దేశమునందు పెరుగుచున్నదా నశించుచున్నదా యని యడుగవలెనని యాతని మతము. 1703 నాటి మెథ్యూయన్ సంధివలన పోర్చుగలు ఆంగ్లేయుల ఉన్నిబట్టలకు దలుపులు తెరచి యేమి పొందెనో యాతడు చరిత్ర తిరుగవేసి చూపెను. ఇంగ్లండు తానెక్కిన నిచ్చెనను దన్నివేసి ఇతరులకు స్వేచ్ఛను బోధించుచున్నదను నాక్షేపణ యాతనిదే.

ఈ యాక్షేపణకు సాక్ష్యము మన తెలుగుదేశముననే యున్నది. బందరు రేవునుండి యెగుమతియైన అద్దకపు బట్టలు ఇంగ్లండులో విశేషముగా జెల్లుచుండగా, అచటి శాసనసభ 1700లో ప్రాగ్దేశపు అద్దకపు నూలుబట్టల దిగుమతిని నిషేధించెను. 1721లో వాని ధారణమునే చాలవరకు మాన్పించెను. పిదప యంత్రములు వచ్చి లాంకషైరు బలపడినది. 1896లో ఇక్కడి ప్రభుత్వము దిగుమతి బట్టపై నూటికి 3½ సుంకముంచి, అంతే సుంకమును మన మిల్లుల బట్టపై గూడ విధించెను. ఈ అన్యాయము 1926 వఱకు దొలగలేదు. ఇంతవఱకు లిస్టు పక్షమే గెలుపు.

అయితే మనవారు గ్రంథమును సాంతము చదివిరా యని నాకు సందేహము. ఉష్ణమండల దేశములు యంత్రపరిశ్రమలకు దగవనియు, అవి తమ పంటలనిచ్చి శీతలదేశముల వస్తువులను గొనుటయే ప్రకృతిసిద్ధమనియు లిస్టు వ్రాసెను. అనగా జర్మనీ యెక్కిన పిదప నిచ్చెనను మనకందకుండ జేయుటకు ఆయనకును అభ్యంతరము లేదు! మహాదేవ గోవింద రానడే 1892లో పూనాలో భారతీయార్థశాస్త్రమును గూర్చి యుపన్యసించుచు లిస్టును గౌరవించెను గాని, ఉష్ణదేశములకు వ్యవసాయమే గతియను మాటను మాత్రము ద్రోసివేసెను. శిష్యుడు గురువును మించిన చో టిది.

రెండవ దోషము కాలనిర్ణయమునకు సంబంధించినది. శిశుపరిశ్రమను పెంచుడనినవాడు అది యెప్పుడు పెద్దదగునో, ఆ మాట యెవరు చెప్పవలెనో తేల్చలేదు. మిల్లు పండితుడు 1848లో ఈ వాదమును గొన్ని నియమములతో నంగీకరించెను గాని, తరువాతి లేఖలలో సుంకముకంటె బహిరంగముగా నిచ్చు ధనసహాయమే మేలని యభిప్రాయపడెను. ఏలయన సుంకపు భారము ప్రతి యింటి ఖర్చులో గన్పడక కలిసిపోవును.

ఇక మా ప్రాంతపు మందుల పరిశ్రమను జూతము. 1961లో నేర్పడిన ప్రభుత్వ ఔషధసంస్థ ఐ.డి.పి.ఎల్. సోవియట్టు సహాయముతో హైదరాబాదున కర్మాగారము నెలకొల్పెను. అచట పని నేర్చినవారు పిదప స్వంత సంస్థలు పెట్టిరి. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి వారిలో నొకరు. 1970లో జేయబడి 1972లో అమలులోనికి వచ్చిన పేటెంటు చట్టము, మందును జేయు విధానమునకే హక్కునిచ్చెను గాని మందునకు గాదు. కనుక మనవారు వేఱు విధానములు కనిపెట్టి యవే మందులను జౌకగా జేసిరి. దిగుమతులపై కట్టడియు దోడయ్యెను. ఇచ్చట నొక విచిత్రము గలదు. సరకులకు సరిహద్దులు తెరువుడని కోరు పాశ్చాత్య వ్యాపారులు ఆ సరకు చేయు విద్యకు మాత్రము దలుపు మూయుమనిరి. మనవారు సరకులకు దలుపు మూసి విద్యకు దెరువుడనిరి. పేటెంటును సంరక్షణమే గదా. 2005లో మన చట్టము మారి వస్తువునకును హక్కు వచ్చినది.

ఈ విధముగా పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములలో మందుల పరిశ్రమ వర్ధిల్లెను. లిస్టు కోరిన శక్తి నిజముగా బుట్టినది. బీదవానికి మాత్ర చౌకయైనది. దీనిని గాదనుట కృతఘ్నత. కాని పటాన్‌చెరు మీదుగా మంజీరకు బోవు నక్కవాగు మాట యేమి? కలుషితమును గూర్చి 1990లో సుప్రీముకోర్టునకు వ్యాజ్యము పోయెను. 1994లో నుమ్మడి శుద్ధికేంద్రము వచ్చెను. ఆ కేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు నున్నదని స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో బ్రకటించిరి. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో నుండు దానికంటె నిది యధికము! ఇట్టి నీటిలో మందునకు లొంగని సూక్ష్మజీవులు పెరుగునను భయము వాగు వెంబడి యూళ్లకు మాత్రమే సంబంధించినది గాదు. రికార్డో లెక్కలో వాగు లేదు. అది ధరల లెక్క గనుక ఆయనను క్షమింపవచ్చును. ఉత్పాదకశక్తియే ప్రమాణమన్న లిస్టును క్షమించుట కష్టము. వాగు క్రింది పొలము ఉత్పాదకశక్తి గాదా? ఒకచోట పెరిగిన శక్తినుండి మఱియొకచోట దరిగినది తీసివేయక మొత్తము చెప్పుట యే శాస్త్రము?

చైనా సరకు చౌకగా వచ్చుటచే పెన్సిలిన్-జి వంటి మూలద్రవ్యముల తయారీ మనదేశమున నిలిచిపోయెను. 2020లో ప్రభుత్వము మూలౌషధములకు 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహ పథకమును బ్రకటించెను. ఇది సుంకము గాదు, మిల్లు కోరిన ధనసహాయము. కిణ్వన పద్ధతిని జేయు మందులకు అమ్మకములపై నూటికి 20తో నారంభమై, 15కును పిదప 5కును దగ్గును. లిస్టు వదలిన కాలనిర్ణయ మిందు గలదు. ఈ పథకము క్రింద కాకినాడ వద్ద పెన్సిలిన్-జి తయారీ 2024లో మొదలైనది. దానికి దోడు దిగుమతిపై సుంకమును గూడ నుంచినచో పెన్సిలిన్-జి చేయువానికి కవచమగును. దానిని గొని అమాక్సిసిలిన్ చేయువానికి బరువగును. ఆ బరువు చివరకు బిడ్డ జ్వరమునకు మందు సీసా కొను తల్లి చేతి సంచిలోనికి వచ్చును.