కింద మూసిన గాలి

అన్నం వార్చేటప్పుడు మా అమ్మ కళ్లద్దాలు తీసి గూట్లో పెట్టేది. గంజి ఆవిరికి అద్దాలు చెమర్చి చేతిలో గిన్నె కూడా కనబడదని. ఆ జాగ్రత్త విలువ 13,000 అడుగుల నుంచి దూకేవాళ్లను వీడియో తీసే పనిలోకి వచ్చాక గానీ నాకు తెలిసిరాలేదు.

దుబాయ్ సముద్రతీరంలో నా పని. శిక్షకుడికి కట్టుకుని టాండెమ్ జంప్ చేసేవాళ్ల వెంట నేనూ దూకుతాను. నా హెల్మెట్ మీద గట్టిగా మూసిన పెట్టెలో కెమెరా ఉంటుంది. దాదాపు నిమిషం పాటు, గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో, ఎదురెదురుగా కిందికి వస్తాం. వాళ్ల ప్యారాచూట్ విచ్చుకున్నాక నేను ఇంకా కిందికి పోయి నాది తెరిచి, వాళ్లకంటే ముందే నేల మీద ఉండాలి. కాళ్లు నేలను తాకినప్పుడు ముఖంలో వచ్చే వెలుగు మళ్లీ దొరకదు.

మొదటి ఏడాది, ఒక అక్టోబరులో, కొడుకు దగ్గరికి వచ్చిన రాజమండ్రి పెద్దావిడ దూకారు. నేను దిగి కెమెరా పెట్టె ముందరి గాజు చూసుకుంటే తెల్లగా ఉంది. గుడ్డతో తుడిచాను, పోలేదు. చెమ్మ పట్టింది లోపలి వైపు. ఆవిడ నవ్వుతూ దిగారు. వీడియోలో ఉన్నది పాలనురగ లాంటి మసక. క్షమించమంటే, "పోన్లే బాబూ, నేను చూశాను కదా. మీ బాబాయిగారికి చూపిద్దామనుకున్నాను, అంతే" అన్నారు. ఆయన మోకాళ్ల నొప్పులతో ఇంటి దగ్గరే ఉండిపోయారట.

ఆ రాత్రి కూర్చుని కారణం వెతికాను. పైకి వెళ్లేకొద్దీ గాలి కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. 13,000 అడుగులంటే దాదాపు 4 కిలోమీటర్లు. కింద 35 డిగ్రీలుంటే విమానం తలుపు దగ్గర పది లోపే. అక్కడ చల్లబడిన గాజు నిమిషాల్లో తీరం ఉక్కలోకి వస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాలా చెమరుస్తుంది. అది బయటి చెమ్మ, తుడిస్తే పోతుంది. లోపలిది వేరు. ఆ పొద్దున నేను సముద్రపు గాలిలోనే నిలబడి బ్యాటరీ మార్చి మూత వేశాను. ఆ తేమంతా పెట్టెలో చిక్కుకుంది. నడుస్తున్న కెమెరా లోపలి గాలిని వేడెక్కించింది, ఎదురుగాలి ముందు గాజును చల్లబరిచింది. తేమ వెళ్లి ఆ గాజుకే పట్టింది. అంటే తప్పు పైన జరగలేదు, నేల మీద, నా చేతుల్లో జరిగింది.

అప్పటి నుంచి గంట ముందే పని మొదలుపెడతాను. ఏసీ గదిలో పెట్టె తెరిచి అరగంట ఉంచుతాను. ఏసీ గాలిలోని నీటిని లాగేస్తుంది. బ్యాటరీ, కార్డు, సిలికా జెల్ పొట్లం అక్కడే పెట్టి అక్కడే మూసేస్తాను. జిప్ సంచిలో ఉంచి బయటికి తెస్తాను. చెమర్చేదేదో సంచి చెమర్చనీ, లోపల గాజు వెచ్చబడ్డాకే తీస్తాను. గాజు బయటి వైపు మసక పట్టకుండా ఒక ద్రవం పలచగా పూస్తాను. అది నీటిని ఆపలేదు, బొట్లు కట్టనివ్వకుండా సన్నని పొరగా పరుస్తుంది, దాంతో వెలుతురు చెదిరిపోదు. విమానంలో హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, పక్కవాళ్ల ఊపిరి తగలకుండా గుడ్డ కప్పుతాను.

కాకినాడలో నేను పని నేర్చుకున్న స్టూడియోలో లెన్సులకు బూజు పట్టకుండా స్టీలు డబ్బాలో నీలం సిలికా గింజలు ఉండేవి. తేమ తాగి గులాబీ రంగుకు తిరిగితే మా గురువుగారు పెనం మీద వేడిచేసి మళ్లీ నీలం చేసేవారు. ఆ ఓపిక విలువ ఇంత దూరం వచ్చాక తెలిసింది.

దూకాక ఇక చేయగలిగింది లేదు. హెల్మెట్ మీది గాజు నాకు కనబడదు, కనబడినా ముట్టుకోకూడదు. కళ్లు ఎత్తు మీద, ఎదుటివాళ్ల మీద ఉండాలి. కనీసం 200 జంపులు చేశాకే కెమెరా పెట్టుకోమని అమెరికా ప్యారాచూట్ అసోసియేషన్ చెప్పేది అందుకే. మసక అంటే ఇంకొకటి గుర్తొస్తుంది: 2012 అక్టోబరు 14న ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకడానికి పైకి వెళ్తూ, ఊపిరి వదిలినప్పుడల్లా ముఖం ముందరి అద్దం మసకబారుతోందని కింది బృందానికి చెప్పాడు. అద్దాన్ని వెచ్చబరిచే ఏర్పాటు మీద అనుమానంతో ప్రయాణం ఆపేయాలా అన్నంత వరకూ వచ్చింది. నా కెమెరా మసకబారితే పోయేది ఒక జ్ఞాపకం, అక్కడ ప్రాణమే.

అయినా ఆ జ్ఞాపకం చిన్నదని నేను అనుకోను. దూకినవాళ్లు తమ కళ్లతో అంతా చూస్తారు. కెమెరా ఉన్నది రాలేనివాళ్ల కోసం. ఈ పొద్దున కూడా గింజల రంగు చూసి, పెట్టె అంచున నలక లేదని వేలితో తడిమి, మూత నొక్కాను. రాజమండ్రిలో నేనెప్పుడూ చూడని ఆ బాబాయిగారు గుర్తొచ్చారు. ఇంకోసారి తెరిచి, చూసి, మళ్లీ మూశాను.