శిల్పం ఎవరి పక్షాన?

అమెరికా సినిమా చరిత్ర రాసేవాళ్లు ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ దగ్గరికి రాగానే ఇంచుమించు ఒకే తీర్పు ఇస్తుంటారు. వస్తువు చెడ్డదే గానీ శిల్పం గొప్పదంటారు. ఈ తీర్పుని మేము ఒప్పుకోం. ఆ శిల్పమే 1915లో చచ్చిపోయిన ఒక హంతక సంస్థని లేపి నిలబెట్టింది కాబట్టి.

డి.డబ్ల్యు. గ్రిఫిత్ తీసిన ఈ సినిమాకి ఆధారం థామస్ డిక్సన్ 1905 నాటి నవల ‘ది క్లాన్స్‌మన్’. అంతర్యుద్ధం తర్వాత ఓటుహక్కు పొందిన నల్లవాళ్లని ఇందులో సోమరులుగా, తెల్ల ఆడవాళ్ల వెంటపడే మృగాలుగా చూపించారు. ముఖ్యమైన నల్లపాత్రలు వేసింది మొహాలకి రంగు పూసుకున్న తెల్ల నటులే. చివర్లో ఒకవైపు ఆపదలో చిక్కుకున్న తెల్లవాళ్లు, మరోవైపు గుర్రాల మీద దూసుకొచ్చే క్లాన్ సైన్యం. ఈ రెంటినీ మార్చి మార్చి చూపిస్తాడు గ్రిఫిత్. క్లాన్ ఎప్పుడొస్తుందా అని ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టి చూస్తాడు. విమర్శకులు శిల్పం అంటున్నది దీన్నే. హంతకుడి రాక కోసం ఎదురుచూడ్డం నేర్పడమే ఇక్కడ శిల్పం చేసిన పని. తర్వాతి ఎన్నికల దృశ్యంలో ఆయుధాలు పట్టిన క్లాన్‌ని చూసి నల్లవాళ్లు ఓటెయ్యకుండా వెనక్కి తగ్గుతారు. పుట్టిన ఆ ‘నేషన్’ ఎవరిదో వేరే చెప్పాలా?

పాత క్లాన్ 1870లలోనే అణగిపోయింది. 1915 నవంబరులో విలియం సిమన్స్ అనే వ్యక్తి అట్లాంటా దగ్గర స్టోన్ మౌంటెన్ మీద శిలువ తగలబెట్టి కొత్త క్లాన్‌ని మొదలుపెట్టాడు. శిలువ తగలబెట్టడం పాత క్లాన్ ఆచారం కాదు. డిక్సన్ నవల్లోంచి, గ్రిఫిత్ తెర మీంచి దిగివచ్చిన కల్పన అది. డిసెంబరులో సినిమా అట్లాంటాకి వచ్చినప్పుడు పత్రికలో ఆ సినిమా ప్రకటన పక్కనే క్లాన్ ప్రకటన కూడా పడింది. కళ వేరు, రాజకీయం వేరు అనేవాళ్లు ఈ రెండు ప్రకటనల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

క్లాన్ అంటే ముసుగేసుకున్న పిచ్చివాళ్ల గుంపు అన్నది ఇంకో సౌకర్యమైన అబద్ధం. 1920 నుంచి ఇద్దరు ప్రచార నిపుణులు దాన్ని వ్యాపారంగా నడిపారు. సభ్యత్వానికి 10 డాలర్లు, అందులో చేర్పించినవాడికి 4 డాలర్లు. 1920ల నడుమకి సభ్యులు 20 లక్షల నుంచి 50 లక్షల దాకా ఉంటారని అంచనాలు. వాళ్లలో పాస్టర్లున్నారు, వ్యాపారులున్నారు, పోలీసులున్నారు. 1923లో మహిళా విభాగమూ వచ్చింది. నల్లవాళ్లతో పాటు యూదులు, కాథలిక్కులు, వలస వచ్చినవాళ్లూ వీళ్లకి శత్రువులే. 1925 ఆగస్టు 8న వాషింగ్టన్ నడివీధిలో 30 వేల మందికి పైగా మొహాలు కనబడేట్టుగానే కవాతు చేశారు. మొహం కనబడితే ఏమవుతుందోనన్న భయం వాళ్లకి లేదు. లించింగ్‌ని, అంటే మూక హత్యని, అడ్డుకునే బిల్లుని 1922లో ప్రతినిధుల సభ ఆమోదిస్తే సెనేట్‌లో దక్షిణాది సభ్యులు ఆపేశారు. అలాంటి ఫెడరల్ చట్టం రావడానికి 2022 దాకా పట్టింది! ఇక తెల్ల స్త్రీల మానరక్షణ సంగతి. ఇండియానాలో క్లాన్‌ని ఏలిన డి.సి. స్టీఫెన్‌సన్ ఒక తెల్ల యువతిని ఎత్తుకుపోయి అత్యాచారం చేసి, ఆమె చావుకి కారకుడై, 1925లో హత్యానేరం కింద జైలుకెళ్లాడు.

గ్రిఫిత్‌కి జవాబు తెర మీద నుంచే వచ్చింది. ఆస్కార్ మిషో అనే నల్లజాతి దర్శకుడు 1920లో ‘వితిన్ అవర్ గేట్స్’ విడుదల చేశాడు. అందులో పంటలో వాటాకి సాగుచేసే నల్లరైతు కూతురు సిల్వియా చదువుకుంటుంది, ఇంటి లెక్కలు రాస్తుంది. తండ్రి ఆ లెక్క పట్టుకుని భూస్వామి దగ్గరికెళ్తాడు. అక్కడ భూస్వామిని ఒక తెల్లవాడే కాల్చి చంపితే నేరం మాత్రం రైతు నెత్తిన పడుతుంది. భార్యాభర్తలిద్దర్నీ మూక ఉరితీస్తుంటే, అదే సమయంలో ఇంకోచోట భూస్వామి తమ్ముడు సిల్వియా మీద పడతాడు. ఈ రెంటినీ మిషో మార్చి మార్చి చూపిస్తాడు. గ్రిఫిత్ వాడిన పద్ధతే! కానీ ఇక్కడ గుర్రాల మీద ఎవరూ రారు. ఎవరు ఎవర్ని చెరిచారో, ఎవరు ఎవర్ని చంపారో చరిత్ర తిరగబడి నిలబడుతుంది. తీరా చూస్తే సిల్వియా వాడి కన్నకూతురే.

1919లో షికాగోలో జరిగిన జాతి అల్లర్లలో 38 మంది చనిపోయారు. మళ్లీ గొడవలొస్తాయని అక్కడి సెన్సార్ మిషో సినిమాకి అడ్డుపడి, కోతలు పెట్టి వదిలింది. తర్వాత ఆ సినిమా కనబడకుండా పోయింది. చివరికి స్పెయిన్‌లో దొరికిన ఒకే ఒక్క ప్రింటు ఆధారంగా 1993లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని పునరుద్ధరించింది. మధ్యలో కొంత భాగం ఇప్పటికీ లేదు. గ్రిఫిత్ పాఠమయ్యాడు, మిషో ఏడు దశాబ్దాలు మాయమయ్యాడు. ఏది దాచుకోవాలి, ఏది పోయినా ఫర్వాలేదు అని తేల్చింది కూడా ఆధిపత్యమే.

దళిత కవిత్వానికి శిల్పం లేదన్న మాట తెలుగులో మనం చాలాసార్లు విన్నాం. శిల్పం ఉందా లేదా అన్న దగ్గర ఆగిపోతే గ్రిఫిత్‌కి చప్పట్లు కొట్టాల్సి వస్తుంది. అది ఎవర్ని మనిషిగా నిలబెట్టింది, ఎవర్ని ఉరికొయ్య దాకా నడిపించింది అని అడగడం విమర్శకి బయటి ప్రశ్న కాదు. విమర్శ మొదలయ్యేదే అక్కడ.