పరిశోధన తరగతిగదికి చేరే దారి

కేవలం ఉపన్యాసం సాగే విజ్ఞానశాస్త్ర తరగతుల్లో విద్యార్థులు పరీక్ష తప్పే అవకాశం, వారిచేత ఆలోచింపజేసే తరగతుల్లో కంటే ఒకటిన్నర రెట్లని 225 అధ్యయనాలను క్రోడీకరించి ఫ్రీమన్ బృందం 2014లో తేల్చింది. అయినా ఉపన్యాసాలు ఆగలేదు. ఎందుకన్నదానికి నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2017లో వెలువరించిన ‘ఇంప్రూవింగ్ హౌ యూనివర్సిటీస్ టీచ్ సైన్స్’ అనుభవంతో జవాబిస్తుంది.

కొలరాడో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయాల్లో ఆయన చేపట్టిన ప్రయత్నంలో, తమ శాస్త్రమూ బోధనాపరిశోధనా రెండూ తెలిసిన సహాయకులు ఆయా శాఖల్లోనే ఉండి, అధ్యాపకులతో కలిసి పాఠాలను తిరిగి రూపొందించారు. ఈ వివరణే పుస్తకానికి బలం. లక్షల డాలర్లు వెచ్చించలేని కళాశాలలకు ఆ నమూనా అందకపోవడం దాని పరిమితి. కానీ బోధనను లెక్కించని ప్రోత్సాహక విధానమే ప్రధానమైన అడ్డంకి అన్న ఆయన నిర్ధారణ అందరికీ వర్తిస్తుంది. అది మారనంతకాలం ఆ మూల్యం చెల్లించేది విద్యార్థులే.