నాలుక మీదా, నాలుక కిందా

నోట్లో కరిగిపోయే ఫిల్మ్ మందు ఇస్తే, మా మెడికల్ షాపుకొచ్చేవాళ్లలో చాలామంది అది నోట్లోంచే రక్తంలో కలిసిపోతుందనుకుంటారు. అన్ని ఫిల్ములూ అలా పనిచేయవు.

వాంతులు ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్‌నే చూడండి. అమెరికాలో 2010లో దాని ఫిల్మ్‌కు అనుమతి వచ్చింది. నాలుక మీద పెట్టగానే కరుగుతుంది. కరిగిన మందు మాత్రం లాలాజలంతో కడుపులోకే దిగి, పేగుల్లోంచి కాలేయం మీదుగానే రక్తంలో చేరుతుంది. మాత్ర వెళ్లే దారే అది. తప్పిందల్లా మాత్ర మింగడం, నీళ్లు తాగడం. కీమోథెరపీతో గుక్కెడు నీళ్లు కూడా ఇమడని మనిషికి అది చిన్న ఊరట కాదు.

అదే ఏడాది అక్కడ ఫిల్మ్‌గా వచ్చిన సుబాక్సోన్ సంగతి వేరు. హెరాయిన్ లాంటి వాటికి అలవాటుపడ్డవారికిచ్చే మందు. అందులోని బ్యూప్రెనార్ఫిన్‌ను మింగితే చాలావరకు కాలేయంలోనే విరిగిపోతుంది. అందుకే నాలుక కింద పెడతారు. అక్కడి పల్చటి పొర దాటి రక్తంలో కలిసిన మందు, కాలేయం దాకా పోకుండా ముందు గుండెకు చేరుతుంది. గుండెనొప్పికి సార్బిట్రేట్‌ను నాలుక కింద పెట్టుకోమనేదీ ఇందుకే. ఫిల్మ్‌లో నాలాక్సోన్ కూడా ఉంటుంది. నాలుక కింద నుంచి అది రక్తంలోకి పెద్దగా పోదు. ఎవరైనా ఫిల్మ్‌ను కరిగించి సూదితో ఎక్కించుకుంటే అప్పుడు మత్తుకు అడ్డుపడుతుంది. రోగి మీద దయ, దుర్వినియోగం మీద కాపలా, రెండూ ఒకే రేకులో! నా వృత్తి మీద నాకు గౌరవం పెంచిన మందుల్లో ఇదొకటి.

తయారీ చూస్తే పూతరేకు గుర్తొస్తుంది. నీళ్లలో కరిగే పాలిమర్ ద్రావణంలో మందు కలిపి, పల్చగా పరిచి, ఆరబెట్టి, ముక్కలు కోస్తారు. రేకు పెళుసుబారకుండా గ్లిజరిన్ లాంటిది కొంచెం పడాలి. పూత ఒకచోట మందమైతే ఆ ముక్కలో డోసు పెరిగిపోతుంది; కష్టమంతా అక్కడే. పైగా అంత చిన్న రేకులో 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ పట్టించలేం.

తడి చేత్తో ముట్టుకుంటే ఫిల్మ్ వేలికే అంటుకుంటుంది. నాలుక కింద పెట్టేదైతే కరిగేదాకా నమలకూడదు, మింగకూడదు, మాట్లాడకూడదు. నోట్లో కరిగే బ్యూప్రెనార్ఫిన్‌తో పళ్లు పాడవుతున్నాయని 2022లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మన డీ-అడిక్షన్ కేంద్రాల్లో నాలుక కింద పెట్టే మాత్రలకూ అది వర్తిస్తుంది. పూర్తిగా కరిగాక నీళ్లు పుక్కిలించి మింగాలి, గంటసేపటిదాకా బ్రష్ చేయకూడదు. మందిచ్చే ప్రతిసారీ ఈ ముక్క చెప్పండి.